ఒప్పుకోలు

కరీంనగర్,
12 డిసెంబరు 1965

చెల్లె బాలలక్ష్మికి,

బావ ఎలా ఉన్నాడు? ఐలవ్వత్త మంచం దిగి నాలుగడుగులు వేస్తున్నదా? మీ బోథ్ చలి మన దిక్కు చలి కాదంటారు. గొంగళ్ళు చాలకపోతే రాయి, పంపిస్తాను.

నీకు ముందే చెప్పవలసిన సంగతి ఒకటుంది. వానాకాలం నుంచి ఒక నాటకం రాస్తున్నాను. నిన్న ముగించాను. పేరు 'ఒప్పుకోలు'. అది బావ కథ.

కోపం తెచ్చుకోకు. పేర్లన్నీ మార్చాను, ఊరి పేరు ఎక్కడా లేదు. జరిగింది మాత్రం జరిగినట్టే పెట్టాను. కొత్త కౌల్దారీ చట్టం వచ్చిందని విని, దున్నుకుంటున్న భూమి తన పేర రాయించమని బావ దరఖాస్తు పెట్టడం. చొక్కారావు దొర తన జీతగాడు బాలమల్లును పంపి నాగలి విప్పించబోవడం. ఇద్దరూ పొలంలోనే కలియబడటం. ఆ తర్వాత బాలమల్లు మాయం కావడం, పాడుబాయిలో ముఖం పోల్చుకోరాని శవం తేలడం, పక్కన బాలమల్లు గొంగడి దొరకడం. 'మొండయ్య ఆన్ని బాయి దిక్కు ఈడ్చుకపోతుంటె నా కండ్లార జూసిన' అని దొర సాక్ష్యం చెప్పడం.

కోర్టు సీనును అన్నిటికంటే ఎక్కువసార్లు కొట్టివేసి రాశాను. యాభై ఒకటిలో కోర్టు ఉర్దూలోనే నడిచింది కదా. జడ్జి అడిగింది ఒకటే మాట, 'తుమ్‌నే ఉస్కో మారా?' అని. ఆ మాటకు కొట్టావా అనీ అర్థమే, చంపావా అనీ అర్థమే. పొలంలో కొట్టిన మాట నిజం కాబట్టి బావ చేతులు కట్టుకుని 'జీ హుజూర్' అన్నాడు. ఖూనీ ఒప్పుకున్నాడని రాసుకున్నారు. పన్నెండేండ్లు జైల్లో పోయినయి.

శిక్ష ముగించుకొని వచ్చినా ఖూనీకోరు అన్న పేరు పోలేదు. కోర్టులో చెప్పనియ్యని మాట స్టేజీ మీద చెబుతాను. మా బడి డ్రాయింగు మాస్టరు కొండల్ బావ వేషం వేస్తున్నాడు. బావకు చెప్పాలో వద్దో నువ్వే ఆలోచించు.

మీ అన్న,
లింగమూర్తి

*

బోథ్,
28 డిసెంబరు 1965

అన్నా,

నీ ఉత్తరం చదివి పొయ్యిలో వేశాను. ఆయనకు చెప్పలేదు.

బావ కథ అంటున్నావు. ఆ కథ అయిపోయిందని నీకెవరు చెప్పారు? నా ఇంట్లో రోజూ నడుస్తున్నది. జిన్నింగు మిల్లులో కూత పెట్టగానే ఈయన గోడకు వీపు ఆనించి, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడతాడు. తోటివాళ్ళు నవ్వుకుంటారు. వీధిలోకి జీపు వస్తే తింటున్న కంచం వదిలి పెరట్లోకి పోతాడు. ఇక్కడ అందరూ 'మొండా దాదా' అని పిలుస్తారు. ఎక్కడి నుంచి వచ్చామో, ఎందుకు వచ్చామో ఒక్కరికీ తెలియదు. తెలిస్తే నా బాల్వాడికి పిల్లలను పంపుతారా?

ఇంకొకటి రాస్తున్నాను, నీ కడుపులో పెట్టుకో. మొన్న అన్నం ముందు కూర్చుని ముద్ద కలుపుతూ ఆగిపోయాడు. "లక్ష్మీ, ఆ రాత్రి కల్లు తాగి చేన్లనే పన్న. తెల్లారంగ లేసిన. నడుమ ఏం జేసిన్నో ఎవలకెరుక? గంతమంది జెప్తుండ్రు. నేనే సంపిన్నేమో" అన్నాడు.

నేను కంచం పక్కకు జరిపి ఆయన చేతులు పట్టుకున్నాను. "నువ్వు సంపలే. నాకెరుక" అన్నాను. "నీకెట్లెరుక? నువ్వు ఇంట్ల ఉంటివి" అన్నాడు.

ఠాణాలో కొట్టి కొట్టి చెప్పించిన మాట ఆయన లోపలికి పోయి కూర్చున్నది. బాలమల్లు కనబడతాడట. పొద్దంతా మంచిగుండి, ఉన్నట్టుండి గడప దిక్కు చూసి "నన్ను ఇడిసిపెట్టు" అంటాడు. అటువంటి మనిషి బతుకును నువ్వు లైట్లు పెట్టి జనానికి చూపిస్తావా?

చొక్కారావు ఇప్పుడు పంచాయతీ సమితి పెద్ద. జైలు నుంచి వచ్చిననాడు ఆయన మనిషి మన వాకిట్లోకి వచ్చి ఏమన్నాడో మరిచిపోయావా? "ఊల్లె కనవడితె, ఇంకో బాయి ఉన్నది" అన్నాడు. అందుకే కదా ఇంత దూరం వచ్చి పడ్డాము.

వద్దన్నా. నీ కాళ్ళు మొక్కుతా.

బాలలక్ష్మి

*

కరీంనగర్,
23 జనవరి 1966

చెల్లె,

నీ ఉత్తరం అందేసరికి సుల్తానాబాదులో ఆట ఒప్పుకొని ఉన్నాము. అదొక్కటీ ఆడి ఆపేద్దామనే పోయాను. కోర్టు సీనులో కొండల్ 'జీ హుజూర్' అనగానే ఆడవాళ్ళ వైపు నుంచి ఒక ఏడుపు వినబడింది. ఆట అయ్యాక ఒక ముసలమ్మ కొండల్ చెయ్యి పట్టుకుని వదలలేదు. పేరు బాలవ్వ. "మా ఆయినెది గూడ గిట్లనే అయ్యింది బిడ్డా. ఆయిన మల్ల రాలే. జైల్లనే పాయె" అన్నది. అదే చెబుతూ మా బండి దాకా నడిచి వచ్చింది.

ఇప్పుడు ఆపడం నా వల్ల అవుతుందా చెప్పు.

నాకు ధైర్యం ఎక్కువని అనుకోకు. ఆ జనంలోనే వెనుక ఇద్దరు నిలబడి ఉన్నారు. బ్యాటరీ లైటు ఒక్కొక్క నటుడి ముఖం మీద వేసి, చూసి, తీశారు. మర్నాడు మా హెడ్మాస్టరు గదిలోకి పిలిచి, "లింగమూర్తిగారూ, పాఠం చెప్పుకోండి, చాలు" అన్నాడు. సెలవు అడిగితే ఇవ్వనన్నాడు. అందుకే చెబుతున్నాను. మీ బోథ్ గ్రంథాలయం వాళ్ళు వార్షికోత్సవానికి మా నాటకం అడిగారు. నేను రాలేను, కొండల్ జట్టును తీసుకుని వస్తాడు. మీ ఇంటి వైపు రావద్దని, మన చుట్టరికం ఎక్కడా ఎత్తవద్దని చెప్పాను. బావను ఆనాడు గడప దాటనియ్యకు.

మీ అన్న

*

బోథ్,
2 మార్చి 1966

అన్నా,

ఇది చదివేటప్పుడు తలుపు వేసుకో.

ఆయనను అత్తమ్మ దగ్గర ఉంచి, గ్రంథాలయం పనేదో ఉందని చెప్పి ఆటకు పోయాను. పత్తి మార్కెట్‌లో స్టేజీ కట్టారు. పొద్దుగూకే వేళకే జనం నిండారు. కిన్వట్ దిక్కు నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చారు. నేను ఆడవాళ్ళలో వెనుక కూర్చున్నాను.

బాయి సీను వచ్చింది. గొంగడి కప్పిన శవం పక్కన తల్లి వేషం వేసిన అబ్బాయి, బాలమల్లు తల్లి పోశవ్వ ఆనాడు అన్న మాటే అన్నాడు. "దొర జెప్పినంక నేను కాదంటనా? నా కొడుకే." ఆ మాట నువ్వు యథాతథంగా పెట్టావు.

అప్పుడు మగవాళ్ళలో ఒకడు లేచి నిలబడ్డాడు. "అవ్వా, ఏడువకు! అది నేను గాదే!" అని కేక వేశాడు. తాగి వచ్చాడని జనం నవ్వారు. ఎవరో పంచె పట్టుకుని కూర్చోబెట్టబోతే విదిలించుకుని వెనక్కి తిరిగాడు. గ్యాసులైటు వెలుగు ముఖం మీద పడింది.

బాలమల్లు.

తల నెరిసింది, మనిషి సగమయ్యాడు. కానీ కుడి కనుబొమ్మ మీద చీలిక ఉంది. పొలంలో మీ బావ కొట్టినప్పుడు పడ్డ దెబ్బ అది. ఆ నెత్తురు కడిగి పసుపు అద్దింది నేనే. నేను పొరబడతానా?

లేచి జనాన్ని తోసుకుంటూ పోయాను. నేను గేటు దగ్గరికి చేరేసరికి అతడు కిన్వట్ బండ్ల మధ్యలో కలిసిపోయాడు.

ఇంటికి వచ్చాను. ఆయన నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. "ఏందే, గట్ల చెమటలు పట్టినయ్?" అన్నాడు. జ్వరమన్నాను. పదిహేనేండ్ల కింద చచ్చిన మనిషిని ఇప్పుడే చూసి వచ్చానని ఎట్లా చెప్పను? ఏం చేయాలో రాయి.

బాలలక్ష్మి

*

కరీంనగర్,
9 మార్చి 1966

చెల్లె,

మూడుసార్లు చదివాను. వకీలు లక్ష్మణ్‌రావుగారికి ఒక్కరికే చెప్పాను. ఆయనదీ దొరల కుటుంబమే అయినా చొక్కారావుకు ఎన్నడూ తలవంచలేదు. విని కుర్చీలోంచి లేచాడు. "బతికున్న మనిషిని తెచ్చి మేజిస్ట్రేటు ముందర నిలవెడితె చాలు. తతిమ్మాది నేను జూసుకుంట. గని మాస్టరూ, మనకంటె ముందు గా మనిషి చొక్కారావు కంట్ల పడితె, ఈసారి బాయిల నిజంగనే బాలమల్లే తేల్తడు" అన్నాడు.

అతడిని ఎలాగైనా వెతుకు. ఎక్కడ ఉంటున్నాడో, ఏ పేరుతో ఉంటున్నాడో తెలుసుకో. బావకు ఇప్పుడే చెప్పకు. ఈ ఉత్తరం కాల్చెయ్యి.

లింగమూర్తి

*

బోథ్,
20 మార్చి 1966

అన్నకు,

ఇక్కడ అందరం క్షేమం. ఆ రోజు నేను చూసింది వేరే మనిషిని. చీకటిలో పొరబడ్డాను. దాని గురించి ఇక రాయవద్దు. వకీలుగారికి కూడా అదే చెప్పు. అత్తమ్మకు కాళ్ళ వాపు తగ్గింది.

బాలలక్ష్మి

*

కరీంనగర్,
10 ఏప్రిల్ 1966

చెల్లె,

నువ్వు పొరబడలేదు. పొరబడ్డ మనిషి అంత చిన్న ఉత్తరం రాయదు. ఎవరైనా బెదిరించారా? బావకు తెలిసిపోయిందా? ఏమీ తెలియక ఇక్కడ నాకు తిండి సహించడం లేదు.

కొండల్‌ను చొప్పదండి దారిలో సైకిల్ ఆపి కొట్టారు. కుడి చెయ్యి విరిగింది. ఎవరు కొట్టారని అడిగితే "పడ్డ" అంటున్నాడు. అతని అవ్వ వచ్చి నా గుమ్మంలో నిలబడి నన్ను చూసి పోయింది.

ఆ తర్వాత చొక్కారావే నా దగ్గరికి వచ్చాడు. బడి వదిలే వేళకు జీపు ఆపి దిగి, భుజం మీద చెయ్యి వేశాడు. "మాస్టరూ, మంచిగ రాస్తున్నవట. కరీంనగర్‌ల గూడ ఆడుతరట గద. నన్ను పిలువవా? పిలువు. ముందల కుర్చీ ఏయించు. కూసోని జూస్త" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

ఆట మే పద్నాలుగున. దొరే ముఖ్య అతిథి. పిలవకపోతే హాలు ఇవ్వరు. పారిపోవాలనిపిస్తున్నది. నిజం రాయి చెల్లె, ఏమున్నా సరే.

లింగమూర్తి

*

బోథ్,
25 ఏప్రిల్ 1966

అన్నా,

అబద్ధం రాశాను. ఎందుకు రాశానో చెబుతాను.

ఆట అయిన తర్వాతి వారం బాల్వాడి గుమ్మంలోకి ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. పిల్లలు పలకలు దిద్దుకుంటున్నారు. "వదినే" అన్నాడు. ఆట నాడు గేటు దగ్గర నన్ను పోల్చుకుని, ఊళ్ళో వాకబు చేసుకుంటూ వచ్చాడట.

నాటకం చూసేదాకా తాను చచ్చిపోయిన సంగతి బాలమల్లుకే తెలియదు. పొలంలో కొట్లాట జరిగిన మూడోనాడు దొర పిలిచి, "మొండిగాడు కమ్యూనిస్టు దళమోళ్ళను కలిసిండు. రేపో మాపో నిన్ను సంపుతరు. నది దాటి పో. మీ అవ్వను నేను అర్సుకుంట. నేను పిలిచేదాక ఈ దిక్కు రాకు" అని బండి ఎక్కించాడట. కిన్వట్ అవతల ఒక మరాఠీ పటేలు దగ్గర బాలాజీ అన్న పేరుతో పశువులు కాసుకుంటూ బతికాడు. రెండుసార్లు దొరకు కబురు పంపితే ఇంకా రావద్దనే జవాబు వచ్చింది.

"నా ఖూనీ అయిందని, మొండన్న జైలుకు పోయిండని గా స్టేజీ మీద జూసిన వదినే. మా అవ్వ ఎట్లున్నది?" అన్నాడు.

ఏం చెప్పను? "నీకు దినాలు జేసింది. మరుసటేడే పోయింది" అన్నాను.

పిల్లల పలకల మధ్యలో కూలబడ్డాడు. పిల్లలు బెదిరి నా వెనక్కి వచ్చారు. కాసేపటికి కండ్లు తుడుచుకుని, "మొండన్న నన్ను సంపుతడా?" అని అడిగాడు.

నాకూ అదే భయమన్నా. చెయ్యని ఖూనీకి పన్నెండేండ్లు కూర్చుని వచ్చిన మనిషి, ఆ ఖూనీ ఇప్పుడు చేస్తే? ఒకసారి పడ్డ శిక్షే కదా అనుకుంటే? అందుకే అతడిని నది దాటి పొమ్మని చెప్పి, నీకు ఆ చిన్న ఉత్తరం రాశాను. ఇంట్లో గొడ్డలిని పక్కింటివాళ్ళకు ఇచ్చేశాను. "గొడ్డలేదే?" అని ఆయన అడిగితే పిడి విరిగిందన్నాను.

కానీ బాలమల్లు ఉండలేకపోయాడు. మొన్న ఆదివారం పట్టపగలు నేరుగా ఇంటికే వచ్చాడు. ఈయన వాకిట్లో మంచానికి నులక బిగిస్తున్నాడు. తలెత్తి చూసి కండ్లు మూసుకున్నాడు.

"మల్ల వచ్చినవా? నన్ను ఇడిసిపెట్టు బాలమల్లు. పన్నెండేండ్లు గోసపడ్డ గద" అన్నాడు.

రోజూ కనబడే దయ్యమే అనుకున్నాడు.

"నేను సావలే మొండన్నా" అని అతడు ఏడవడం మొదలుపెట్టాడు.

ఈయన కండ్లు తెరిచాడు. నులక వదిలి లేచాడు. నేను పరుగెత్తి ఇద్దరి మధ్యలో నిలబడ్డాను. ఆయన నన్ను మెల్లగా పక్కకు జరిపాడు. చెయ్యి చాచి బాలమల్లు కనుబొమ్మ తడిమాడు, చెంప తడిమాడు, భుజం నొక్కి చూశాడు. తర్వాత వంగి అతని రొమ్ము మీద చెవి పెట్టాడు. ఎంతసేపు అట్లా ఉన్నాడో.

"ఉన్నడే లక్ష్మీ! కొట్టుకుంటున్నది. ఉన్నడు. నేను సంపలే" అన్నాడు. అని అక్కడే కూర్చుని, చలిజ్వరం వచ్చిన మనిషిలా వణికాడు.

లోపల నుంచి అత్తమ్మ, "ఎవల్రా వచ్చింది?" అని అడిగింది.

"బాలమల్లే అవ్వా."

"మరి గట్లనే నిలవెడుతరా? అన్నం పెట్టున్రి" అన్నది.

ముగ్గురమూ మాట్లాడుకున్నాము. బాలమల్లు కరీంనగర్ వచ్చి నిజం చెబుతానన్నాడు, కానీ ఒక్కడిని రానన్నాడు. ఈయన తోడు వస్తానన్నాడు. అత్తమ్మను వదిలి నేను రాలేను. ఆ ఊరి దిక్కు ముఖం తిప్పితేనే వణికే మనిషి, తానే బయలుదేరుతున్నాడు. నాకు సంతోషపడాలో ఏడవాలో తెలియడం లేదు.

బాలలక్ష్మి

*

బోథ్,
13 మే 1966

అన్నా,

పొద్దున ఇద్దరినీ బస్సు ఎక్కించి వచ్చాను. ఈ ఉత్తరం వాళ్ళకంటే వెనుకే అందుతుంది, అయినా రాయకుండా ఉండలేను. బస్సు కదిలేముందు కిటికీలోంచి ఈయన, "గొడ్డలి తెచ్చుకో. నేనేం జెయ్య" అన్నాడు. అన్నీ తెలుసు ఆ మనిషికి.

నిర్మల్ దగ్గర, మెట్‌పల్లి దగ్గర ఎవరైనా ఎక్కి పోల్చుకుంటే? జీపు అడ్డం పెట్టి బస్సు ఆపితే? పిల్లలు పాడుతున్నా నాకు వినబడటం లేదు. తంతి కొట్టు. ఒక్క మాట చాలు.

బాలలక్ష్మి

*

కరీంనగర్,
16 మే 1966

చెల్లె,

తంతి అందే ఉంటుంది. ఇద్దరూ క్షేమం. బావ మా ఇంట్లో ఉన్నాడు, మీ వదిన చేసిన జొన్నరొట్టె తింటున్నాడు. ఇప్పుడు జరిగింది విను.

బస్సు దిగగానే ఇద్దరినీ లక్ష్మణ్‌రావుగారు తన ఇంట్లో పెట్టుకున్నాడు. దొర పక్కన ముందు వరసలో కూర్చోవడానికి ఇద్దరు ఆఫీసర్లను కూడా పిలిచాడు. ఎందుకో వాళ్ళకు చెప్పలేదు. హాలు నిండింది. రెండు వైపులా గోడలకు ఆనుకుని దొర మనుషులు నిలబడ్డారు. కొండల్ కట్టు కట్టిన చేతితోనే వేషం వేశాడు. వద్దంటే వినలేదు.

బాయి సీను వచ్చినప్పుడు చొక్కారావు తమలపాకు నమిలాడు. సాక్ష్యం సీనులో పక్క ఆఫీసరు చెవిలో ఏదో చెప్పి నవ్వాడు. కోర్టు సీను అయిపోయింది. శిక్ష చదివిన తర్వాత జడ్జి నోట కొత్తగా ఒక ప్రశ్న పెట్టాను. "ఇంకా ఎవరైనా చెప్పుకునేది ఉన్నదా?" అని. ఆ మాటకు బాలమల్లు పక్క తెర నుంచి రావాలి.

రాలేదు. తెర వెనుక కర్ర పట్టుకుని బిగుసుకుపోయాడు. పండ్లు టకటక కొట్టుకుంటున్నాయి. "నాతోని గాదు మొండన్నా. గదో, ముందటనే కూసున్నడు" అన్నాడు. జడ్జి మళ్ళీ అడిగాడు. జనంలో గుసగుస మొదలైంది. గోడ దగ్గరివాళ్ళు కదిలారు. నా చేతిలో కాగితాలు జారిపోయాయి. అంతా అయిపోయిందనుకున్నాను.

బావ అతని చెయ్యి పట్టుకున్నాడు. "నాకు గూడ భయమే అయితుంది. నడువు, నడుద్దం" అన్నాడు. చంపినవాడని పేరుపడ్డ మనిషి, చచ్చినవాడని పేరుపడ్డ మనిషిని చెయ్యి పట్టి వెలుగు అంచు దాకా నడిపించుకుపోయాడు. అక్కడ వదిలాడు.

బాలమల్లు స్టేజీ మధ్యలో నిలబడ్డాడు. ఇంకా నోరు తెరవనే లేదు. చొక్కారావు దిగ్గున లేచాడు.

"బాడ్కావ్! నేను పిలిచేదాక రావద్దని చెప్పిన్నా లేదా?"

లక్ష్మణ్‌రావుగారు నిదానంగా లేచాడు. "ఎవలను రావద్దన్నరు దొరా? బాయిల తేలినోన్నా?" అని అడిగాడు.

చొక్కారావు ఆఫీసర్ల వైపు చూశాడు. కూర్చోబోయి కూర్చోలేకపోయాడు. అప్పుడు బాలమల్లుకు మాట వచ్చింది. "పిలుస్తవని పదిహేనేండ్లు సూసిన దొరా. మా అవ్వ సచ్చిందని గూడ చెప్పకపోతివి" అన్నాడు. అది నేను రాసిన మాట కాదు. నేను రాసింది అతనికి గుర్తే రాలేదు.

దొర కండువా సర్దుకుని బయటికి నడిచాడు. అతని మనుషులు ఎటు చూడాలో తెలియక వెనుకే పోయారు. మరునాడు పొద్దున్నే బాలమల్లు మేజిస్ట్రేటు ముందర అంతా చెప్పాడు. ఆ ఆఫీసర్లు తాము విన్నది చెప్పారు. ఇదంతా తేలడానికి చాలా కాలం పడుతుందంటున్నాడు వకీలు. అప్పటిదాకా భయం ఉండనే ఉంటుంది. రాత్రి తలుపుకు రెండు గడియలు పెట్టి, బండ అడ్డం పెట్టి పడుకున్నాము.

లింగమూర్తి

*

బోథ్,
8 అక్టోబరు 1967

అన్నా,

హైకోర్టులో శిక్ష కొట్టివేశారని నువ్వు రాసింది ఆయనకు చదివి వినిపించాను. ఇంకోసారి చదవమన్నాడు. చదివాను. చొక్కారావు సమితి పదవి పోయిందని, దొంగ సాక్ష్యం కేసు నడుస్తున్నదని కూడా చెప్పాను. బాలమల్లు ఇప్పుడు మా గల్లీలోనే ఉంటున్నాడు, ఈయనతో పాటే మిల్లుకు పోతాడు. ఆ సాయంత్రం అతడు బెల్లం తెచ్చి అందరి చేతిలో పెట్టాడు. అత్తమ్మ లేచి కూర్చుని కొడుకు తల నిమిరింది.

ఈయన బెల్లం నోట్లో పెట్టుకోలేదు. చేతిలోనే పట్టుకుని, "మరి బాయిల తేలినాయిన ఎవలు?" అన్నాడు.

అన్నా, ఆ మాట నువ్వు నాటకంలో అడగలేదు. వకీలు అడగలేదు. ఇంతకాలం ఆ శవం బాలమల్లుదా కాదా అనే చూశాము. కాదని తేలగానే చేతులు దులుపుకున్నాము. కానీ ఒక మనిషి చచ్చాడు కదా. ఆ రోజుల్లో ఎంతమంది మాయమయ్యారో నీకు తెలుసు. ఆ శవం దొరకు దొరికిందా, లేక కావాలని... రాయడానికి చెయ్యి రావడం లేదు. ఆ మనిషి అవ్వ ఇంకా ఎక్కడైనా వాకిలి చూస్తున్నదేమో.

ఆ రాత్రి నుంచి ఈయనకు బాలమల్లు కనబడటం లేదు. ముఖం లేని మనిషి కనబడుతున్నాడట. "ఆయిన భయపెడుతలేడు. ఏమో అడుగుతున్నడు, నాకు సమజైతలేదు" అంటాడు.

మొన్న పెత్రమాస. పెద్దలకు బియ్యం ఇచ్చుకోవడానికి అయ్యగారింటికి పోయాము. బాలమల్లు పోశవ్వ పేరు చెప్పి ఇచ్చాడు. ఈయన బాపు పేరు చెప్పి ఇచ్చాడు. ఆ తర్వాత సంచిలోంచి ఇంకొక మూట తీశాడు. నేను కట్టి ఇచ్చింది కాదు. బియ్యం, రెండు వంకాయలు, ఇంత చింతపండు, ఆయనే మూటగట్టుకుని తెచ్చాడు.

"ఇది ఎవరికి? పేరు చెప్పు" అన్నాడు అయ్యగారు.

"పేరు తెల్వదయ్యా."

"మీ ఇంటిపేరువాడేనా? గోత్రం?"

"అదిగూడ తెల్వదు."

అయ్యగారు మూట పట్టుకోబోయిన చెయ్యి ఆపి, "మరి నీకేమైతడయ్యా?" అని అడిగాడు.

ఈయన జవాబు చెప్పేటప్పుడు చేతులు కట్టుకోలేదు, తల దించుకోలేదు.

"ఆయిన సావుకు నేను జైలుకు పోయిన" అన్నాడు.

నీ చెల్లె,
బాలలక్ష్మి